ఫ్లూ టీకా: నాయనకి సరే, మరి నాకు?

మా నాయనకి స్టెంటు వేసిన గుండె డాక్టరు డిశ్చార్జి కాగితంలో మందులన్నీ రాసేశాక, అడుగున చివరి వరసలో "ఏటా ఫ్లూ వ్యాక్సిన్" అని రాశారు. ఆ కాగితం పట్టుకుని మేం ఎప్పట్నుంచో చూపించుకునే మా వీధి డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివి, "ఇదంతా అమెరికా అలవాటమ్మా. మనం పుట్టినప్పట్నుంచి ఈ దుమ్ములో పెరిగినవాళ్ళం, మనకెందుకు" అన్నారు. ఇద్దరి మీదా మాకు గురి ఉంది. గుండె ఆపరేషన్ చేసింది ఒకాయన, మా ఇంట్లో ప్రతి జ్వరాన్నీ చూసింది ఇంకొకాయన. ఎవరి మాట వినాలి?

డాలస్‌లో ఉన్న మా తమ్ముడికి అసలిది చర్చ అన్న సంగతే తెలీదు. అక్కడ సరుకులు కొనే షాపులోనే ఫార్మసీ ఉంటుంది. పాలూ బ్రెడ్డూ బండిలో వేసుకుని, పోతూ పోతూ చొక్కా చెయ్యి పైకి మడిచి సూది వేయించుకుని వచ్చేస్తాడు, డబ్బులు ఇన్సూరెన్సు వాళ్ళు కడతారు. అక్టోబరు రాగానే "అక్కా, అమ్మకీ నాయనకీ ఫ్లూ షాట్ అయిందా" అని వాడి మెసేజి వస్తుంది. ఇక్కడ నెల్లూరులో నేను పొగతోటలో మెడికల్ షాపులన్నీ తిరిగి "ఫ్లూ టీకా ఉందా" అని అడుగుతుంటే, "ఎవరికి మేడం, చిన్నపిల్లలకా" అని ఎదురు ప్రశ్న.

ఈ ఇద్దరు డాక్టర్ల మధ్య, ఈ తమ్ముడి మధ్య నలిగి, దొరికినంత చదివి, అడగదగ్గ వాళ్ళని అడిగి నేనొక అభిప్రాయానికి వచ్చాను. నాలాగా నలభై దాటి, ఏ జబ్బూ లేని మనిషి ఈ టీకా ఏటా వేయించుకున్నా తప్పులేదు, మానేసినా తప్పులేదు. మా నాయన లాంటి మనిషికి వేయించకపోవడం మాత్రం తప్పే. ఈ రెండు ప్రశ్నల్నీ ఒకే గాటన కట్టి "వేయించుకోవాలా, వద్దా" అని వాదించుకుంటున్నాం కాబట్టే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ప్రతి ఏడూ అదే రచ్చ.

సూది పడినా జలుబు ఎందుకొచ్చింది

మా స్కూల్లో లెక్కలు చెప్పే మేడం కోవిడ్ తర్వాత ఒక ఏడాది ధైర్యం చేసి ఫ్లూ టీకా వేయించుకుంది. ఆ డిసెంబరులోనే ముక్కు కారింది, సంక్రాంతికి గొంతు పోయింది, ఫిబ్రవరంతా దగ్గుతూనే ఉంది. అప్పట్నుంచి స్టాఫ్ రూములో ఫ్లూ అన్న మాట వినబడితే చాలు, "నా డబ్బులు దండగ" అని మొదలుపెడుతుంది. ఆమె కోపం నాకు అర్థమవుతుంది గానీ, జలుబూ దగ్గూ ఒళ్ళునొప్పులూ తెచ్చే వైరస్‌లు చాలా ఉన్నాయి. రైనో, ఆర్‌ఎస్‌వీ, ఎడినో, ఇప్పుడు వాటికి తోడు కోవిడ్. ఈ సూది అడ్డుకునేది ఫ్లూ తెచ్చే ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ఒక్కదాన్నే, అది కూడా ప్రతిసారీ కాదు.

ప్రతిసారీ కాకపోతే ఎంత? 2018లో, వైద్య పరిశోధనల్ని సమీక్షించే కోక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ ఒకచోట చేర్చి చూసింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో టీకా లేకపోతే నూటికి 2.3 మందికి పరీక్షలో తేలిన ఫ్లూ వచ్చింది, వేయించుకున్న వాళ్ళలో 0.9 మందికి వచ్చింది. అంటే 71 మందికి వేస్తే ఒకరికి ఫ్లూ తప్పినట్టు. ఇక ఫ్లూ లాంటి లక్షణాలున్న జ్వరాలన్నీ కలిపి చూస్తే, టీకా లేనివాళ్ళలో నూటికి 21.5, ఉన్నవాళ్ళలో 18.1. మా లెక్కల మేడం సంగతి ఈ ఆఖరి రెండు అంకెల్లోనే ఉంది. టీకా వేసుకున్నా ఏదో ఒక జ్వరం రావడానికి అయిదింట ఒక వంతు దాకా అవకాశం అలాగే మిగిలి ఉంటుంది, ఎందుకంటే వాటిలో ఎక్కువ భాగం అసలు ఇన్‌ఫ్లుయెంజాయే కాదు. ఈ మాట సూది వేసిన రోజే ఎవరైనా ఆమెకి చెప్పి ఉంటే ఇంత కోపం ఉండేది కాదు, లేదా ఆ డబ్బు పెట్టేదే కాదు. రెండూ మంచి నిర్ణయాలే.

ఇందులో ఇంకో తమాషా ఉంది. 2.3 నుంచి 0.9కి తగ్గడాన్ని "60 శాతం తగ్గింది" అనీ చెప్పొచ్చు, "71 మందిలో ఒక్కరికే ఉపయోగం" అనీ చెప్పొచ్చు. రెండూ నిజమే. టీకా అమ్మేవాళ్ళ కరపత్రంలో మొదటిది ఉంటుంది, టీకాని తిట్టే వీడియోలో రెండోది ఉంటుంది. నేను రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే మనసు కాస్త కుదుటపడింది.

ఏడాదేడాదికీ తేడా కూడా తక్కువేం కాదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఫ్లూ టీకా ఎంత పనిచేసిందో ప్రతి సీజనుకీ లెక్క వేసి దాచుకోకుండా బయట పెడుతుంది: 2004-05లో 10 శాతం, 2010-11లో 60 శాతం, 2014-15లో 19 శాతం. ఈ వైరస్ మారుతూ ఉంటుంది, టీకా తయారీకేమో నెలలు పడుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు కూర్చుని, ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో, రాబోయే సీజన్లో ఏ రకాలు తిరుగుతాయో అంచనా వేసి చెబుతుంది. ఆ అంచనా గురి తప్పిన ఏడాది మనం వేయించుకున్న సూదికి పస తక్కువ. అలాంటి ఏడాది ముందే తెలుసుకునే దారి లేదు.

ఇక మన దగ్గర ఉన్న అసలు ఇబ్బంది, ఎవరికి వచ్చింది ఫ్లూయో ఎవరికీ తెలియకపోవడం. స్టెంటు పడకముందు ఒక వానాకాలం మా నాయన జ్వరంతో మంచం పట్టారు, అన్నం సయించలేదు, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. డెంగ్యూకి చూశారు, మలేరియాకి చూశారు, టైఫాయిడ్‌కి చూశారు, ఏదీ లేదన్నారు. "వైరల్ ఫీవరే" అని అజిత్రోమైసిన్ రాశారు. వైరల్ అని తెలిసి యాంటీబయాటిక్ ఎందుకని అప్పుడు నాకు అడగాలని తోచలేదు, ఎవరికీ తోచదు. 2023 మార్చిలో హెచ్3ఎన్2 అనే రకం ఫ్లూ జ్వరాలు విపరీతంగా వచ్చినప్పుడు ఇండియన్ మెడికల్ అసోసియేషనే ఈ అజిత్రోమైసిన్, అమాక్సిక్లావ్ వాడకం ఆపండి అని డాక్టర్లకి చెప్పాల్సి వచ్చింది. ముక్కులోంచి స్వాబ్ తీసి ఫ్లూ పరీక్ష చేస్తే వేలల్లో ఖర్చు, అందుకని ఐసీయూ దాకా పోతే తప్ప ఎవరూ చేయరు. పరీక్ష లేదు కాబట్టి మన లెక్కల్లో ఫ్లూ లేదు, లెక్కల్లో లేదు కాబట్టి మనకి ఫ్లూ పెద్ద సమస్య కాదని నమ్మకం. మా వీధి డాక్టరు గారి ధీమాకి నాకు కనబడిన ఆధారం ఇదొక్కటే.

ఆ ధీమా 2015లో కాస్త చెదిరింది కూడా. ఆ ఏడాది దేశంలో హెచ్1ఎన్1, అంటే స్వైన్ ఫ్లూ, కేసులు 42 వేలు దాటాయి, చనిపోయినవాళ్ళు దాదాపు 3 వేలు. తెలంగాణలో జనవరి చలిలో మొదలైన ఆ భయం ఎలా ఉండేదో అప్పుడు హైదరాబాదులో ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఇప్పటికీ కొందరు "స్వైన్ ఫ్లూ టీకా వేరే ఉందా" అని అడుగుతారు. లేదు. 2009లో వచ్చిన ఆ హెచ్1ఎన్1 అప్పట్నుంచి మామూలు సీజనల్ ఫ్లూలో కలిసిపోయింది, ఏటా వేసే టీకాలో అదీ ఉంటుంది.

గుండె జబ్బు ఉన్నచోట లెక్క మారుతుంది

మా పెద్దమ్మ ఒకావిడ ఉంది, ఆమెకి సూది పేరెత్తకూడదు. "ఆ కోవిడ్ సూదులు వేయించుకునే కదుమే, కుర్రాళ్ళు జిమ్ముల్లో పడిపోతుండేది. ఇప్పుడు స్టెంటు వేసిన మనిషికి ఇంకో సూదా?" అని ఫోనులో నన్ను నిలదీసింది. ఆమెని ఎగతాళి చేయలేను. మా ఊళ్ళో కళ్ళముందు పెరిగిన పిల్లాడొకడు ముప్పై నిండకుండా పోయాడు, ఆ ఇంటివాళ్ళకి కారణం కావాలి. ఆ అనుమానం తీర్చడానికే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 47 ఆసుపత్రుల్లో 18 నుంచి 45 ఏళ్ళ మధ్య హఠాత్తుగా చనిపోయిన వాళ్ళ వివరాలు పరిశీలించి 2023లో ప్రచురించింది. కోవిడ్ టీకా ఆ ముప్పుని పెంచలేదని తేలింది. ముప్పు పెంచినవి కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరడం, ఇంట్లో అలాంటి మరణాలు ముందే ఉండడం, అతిగా తాగడం, ఒక్కసారిగా విపరీతంగా శ్రమపడడం లాంటివి. ఇదంతా పెద్దమ్మకి చెప్పాను. "నీకేం తెలుసు" అంది.

పెద్దమ్మ భయపడే గుండెపోటు నిజంగా ఎక్కడుందో చూస్తే మాత్రం సూది వైపు కాదు, జ్వరం వైపు కనబడుతుంది. కెనడాలో ఒంటారియో రాష్ట్రం లెక్కలతో 2018లో ఒక అధ్యయనం వచ్చింది: పరీక్షలో ఫ్లూ అని తేలినవాళ్ళకి ఆ మొదటి ఏడు రోజుల్లో గుండెపోటుతో ఆసుపత్రిలో చేరే ముప్పు మామూలు రోజుల కన్నా ఆరు రెట్లు. ఒళ్ళంతా వాపు, జ్వరం, గుండె వేగం పెరగడం, రక్తం గడ్డకట్టే గుణం పెరగడం, ఆక్సిజన్ తగ్గడం, ఇవన్నీ ఒకేసారి ఇప్పటికే పూడుకుపోతున్న నాళాల మీద పడితే ఏమవుతుందో ఊహించడానికి డాక్టరు చదువు అక్కర్లేదు.

మరి టీకా వేస్తే అది తగ్గుతుందా? ఇది వేరే ప్రశ్న, దీనికి వేరే రుజువు కావాలి. గుండెపోటుతో చేరిన 2,571 మందికి ఆసుపత్రిలోనే, మూడు రోజుల లోపు, సగం మందికి ఫ్లూ టీకా, సగం మందికి ఉత్త నీళ్ళ సూది వేసి ఏడాదిపాటు చూసిన పరీక్ష ఒకటి 2021లో ప్రచురించారు. పాల్గొన్న దేశాల్లో మన పక్కనున్న బంగ్లాదేశ్ కూడా ఉంది. టీకా వేసిన వాళ్ళలో ఏడాదిలో చనిపోయినవాళ్ళు 2.9 శాతం, వేయని వాళ్ళలో 4.9 శాతం. కోవిడ్ రావడంతో దాన్ని అనుకున్నదానికన్నా ముందే ఆపేశారు, కాబట్టి ఈ అంకెల్ని శిలాశాసనం అనుకోనక్కర్లేదు. అయినా నూటికి ఇద్దరి ప్రాణం అంటే మా నాయన రోజూ మింగే కొన్ని మాత్రలు ఇచ్చే లాభం కన్నా తక్కువేం కాదు, ఆ మాత్రల ఖర్చేమో నెలనెలా.

ఇక్కడ ఆగి ఎదురుపక్షం మాటా చెప్పాలి. గుండె బలహీనపడిన 5 వేల మందికి పైగా రోగుల మీద, భారత్ కూడా ఉన్న పది దేశాల్లో, ఇంకో పెద్ద పరీక్ష జరిగింది. 2022లో ఫలితం వచ్చింది. ముందుగా పెట్టుకున్న ముఖ్యమైన కొలమానం దగ్గర, అంటే గుండె కారణంగా చనిపోవడం, గుండెపోటు, పక్షవాతం లాంటివి కలిపి చూస్తే, తేడా తేలలేదు. న్యుమోనియాలు తగ్గాయి, ఆసుపత్రిలో చేరడాలు తగ్గాయి. ఇది చదివి నేను కొంచెం నీరసపడ్డాను. తర్వాత ఆలోచిస్తే, మా నాయన వయసులో న్యుమోనియా తగ్గడం చిన్న లాభమా? మూడు రోజులు ఐసీయూలో పడుకోబెడితే మా ఇంట్లో ఎవరి బంగారం తాకట్టు పోతుందో నాకు తెలుసు.

ఆయనకి సుగర్ కూడా ఉంది. వయసు డెబ్బై దాటింది. గుండె, సుగర్, వయసు, మూడూ ఉన్న మనిషి విషయంలో టీకా సగం పనిచేసినా, కొన్నేళ్ళు అయిదో వంతే పనిచేసినా, నేను వేయిస్తాను. ఈ మాత్రం తేల్చుకోవడానికి ఇంత చదవాలా అంటే, అక్కర్లేదు. గుండె డాక్టరు కాగితం మీద రాసింది చాలు. చదవాల్సి వచ్చింది పెద్దమ్మ కోసం.

అక్టోబరు ఎవరి పంచాంగం

తమ్ముడితో నాకున్న గొడవ వేరు. వాడికి ఫ్లూ అంటే చలికాలం. అక్కడ సెప్టెంబరు, అక్టోబరుల్లో వేయించుకుంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా రక్షణ. మన దగ్గర ఫ్లూ వానతో వస్తుంది, ఆ వాన కూడా అందరికీ ఒకేసారి రాదు. దేశంలో వేర్వేరు నగరాల్లో కేసుల్ని నెలనెలా లెక్కపెట్టి 2015లో వచ్చిన ఒక పరిశోధనలో ఢిల్లీ, పుణె, నాగపూర్, కోల్‌కతా లాంటి చోట్ల నైరుతి వానల నెలల్లో, చెన్నై, వేలూరుల్లో అక్టోబరు, నవంబరుల్లో, శ్రీనగర్లో చలికాలంలో ఫ్లూ పెరుగుతోందని తేలింది. అంటే కాశ్మీరుకీ డాలస్‌కీ ఉన్న పోలిక కాశ్మీరుకీ చెన్నైకీ లేదు.

ఇప్పుడు మన సంగతి ఆలోచించండి. కరీంనగర్ వాళ్ళకీ, విశాఖ వాళ్ళకీ వాన జూన్ నుంచే. వాళ్ళు అక్టోబరు దాకా ఆగితే ఒక సీజను అయిపోయాక టీకా వేయించుకున్నట్టు. అలాగని మే నెలలో వేయించుకుంటే జనవరి చలికి దాని పస తగ్గిపోతుంది, ఎందుకంటే ఈ టీకా ఇచ్చే రక్షణ నెలలు గడిచేకొద్దీ పలచబడుతుంది. తెలంగాణ వాళ్ళకి 2015 జనవరి చూపించినట్టు ఆ రెండో పోటు కూడా ఉంది. వాళ్ళు ఒకటి ఎంచుకోవాలి, మామూలుగా డాక్టర్లు వానలకి ముందే వేయించుకోమంటారు. నెల్లూరు కథ వేరు. మాకు నైరుతి వానలు పేరుకే, అసలు వాన ఈశాన్యం నుంచి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మా ఊరి లెక్కలు ఆ పరిశోధనలో లేవు గానీ, చెన్నై మాకు మూడు గంటల దూరం, వాతావరణం ఒకటే, జనం రాకపోకలు రోజూ. కాబట్టి చెన్నై పంచాంగమే మాది అనుకుని, సెప్టెంబరులో వేయించాలని నిర్ణయించుకున్నాను. సూది పడ్డాక యాంటీబాడీలు తయారవడానికి రెండు వారాలు పడుతుంది కదా, వినాయక చవితి అయ్యాక ఏదో ఒక ఆదివారం అంటే సరిగ్గా సరిపోతుంది. "నేను చెప్పింది కూడా దాదాపు అదే కదా" అంటాడు తమ్ముడు. దాదాపు అదే, కానీ వాడి కారణంతో కాదు. వాడి మాట విని వైజాగులో ఉన్న మా చిన్నాన్న కూడా అక్టోబరు దాకా ఆగుతుంటాడు, ఆయనకి అది తప్పు.

డబ్బా, ఐసు, ధర

మన దగ్గర ఈ టీకా ఎక్కువగా మనమే మెడికల్ షాపులో కొని డాక్టరు దగ్గరికి పట్టుకుపోవాలి. ఒక షాపులో కుర్రాడు ఫ్రిజ్ లోంచి డబ్బా తీసి, గడ్డకట్టిన ఐసు ప్యాకెట్ మీదే నేరుగా పెట్టి, క్యారీబ్యాగులో చుట్టి ఇచ్చాడు. చూడడానికి ఎంతో జాగ్రత్తగా ఉన్నట్టే ఉంది. ఈ టీకాని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకడితే ఇక పనికిరాదు, పారేయాల్సిందే. మధ్యలో మడిచిన కాగితమో బట్టో పెట్టమని నేను అంటే "ఏం కాదు మేడం, చల్లగా ఉంటే మంచిదే కదా" అన్నాడు. తీసుకోకుండా వచ్చేశాను. టీకాలు తామే తెచ్చుకుని నిలవ పెట్టుకునే పిల్లల డాక్టర్ల క్లినిక్కుల్లో పెద్దవాళ్ళకి కూడా వేస్తారు, అడగాలంతే. చిన్నపిల్లల బొమ్మలున్న గదిలో మా నాయన కుర్చీలో కూర్చుని చొక్కా గుండీలు విప్పుకుంటుంటే అక్కడున్న పిల్లలు ఏడుపు ఆపి మరీ చూశారు.

డబ్బా మీద ఏ ఏడాది టీకానో, ఉత్తరార్ధగోళానిదో దక్షిణార్ధగోళానిదో రాసి ఉంటుంది. మనం భూమధ్యరేఖకి ఇవతలే ఉన్నా, మన షాపుల్లో రెండూ దొరుకుతాయి, వాటిలో తాజాది ఏదైతే అది తీసుకోవడం మంచిది. పోయిన సీజను సరుకు తక్కువకి ఇస్తామంటే వద్దనండి. ఇక "నాలుగు రకాల నుంచి రక్షణ" అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటే దానికి పొంగిపోనక్కర్లేదు. ఆ నాలుగోది, బి రకంలో యమగాటా అనే శాఖ, 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా కనబడలేదు. దాన్ని టీకాలో పెట్టే అవసరం ఇక లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 సెప్టెంబరులో చెప్పింది, అమెరికా మరుసటి ఏడాదే మూడు రకాల టీకాకి మారిపోయింది. లేని వైరస్ నుంచి రక్షణకి ఎక్కువ ధర పెట్టడం నాకైతే నవ్వొచ్చే విషయం. మూడు రకాలది దొరికితే అదే చాలు, దొరకకపోతే నాలుగు రకాలది వేయించుకుంటే నష్టమూ లేదు.

నేను అడిగినప్పుడు ధర పదిహేను వందలకీ రెండు వేలకీ మధ్య చెప్పారు. ఇంట్లో నలుగురు అనుకుంటే ఆరు నుంచి ఎనిమిది వేలు, ఏటేటా. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. పిల్లలకి ఉచితంగా వేసే జాతీయ టీకాల పట్టికలో ఇది లేదు, పెద్దవాళ్ళకి దేశమంతటా ఉచితంగా వేసే ఏర్పాటూ లేదు. ఆసుపత్రి పాలైతే బిల్లు కట్టే పథకం ఉంది, ఆసుపత్రి పాలు కాకుండా చూసే సూదికి లేదు. హజ్ యాత్రకి వెళ్ళే పెద్ద వయసు వాళ్ళకి మాత్రం ప్రభుత్వం వేస్తుంది, అంటే దీని విలువ సర్కారుకి తెలియక కాదు. అందరికీ వేయమని నేనూ అనను. బ్రిటన్ అంత సంపన్న దేశమే 65 దాటినవాళ్ళకి, గర్భిణులకి, జబ్బులున్న వాళ్ళకి, పిల్లలకి ఇస్తుంది తప్ప ఆరోగ్యంగా ఉన్న నలభై ఏళ్ళ మనిషికి ఉచితంగా ఇవ్వదు. అమెరికా మాత్రం 2010లో ఆరు నెలలు దాటిన ప్రతి ఒక్కరూ వేయించుకోవాలని చెప్పింది. రెండు చోట్లా ఉన్నది ఒకే సైన్సు. డబ్బు ఎక్కడ పెడితే ఎక్కువ ప్రయోజనం అన్న దగ్గరే తేడా వచ్చింది, జేబులోంచి పెట్టుకునే మనకి బ్రిటన్ పద్ధతే దగ్గర అనిపిస్తుంది.

గుడ్డూ, దుమ్మూ

మా పక్కింటి పిన్నిగారు శాకాహారి, ఉల్లిపాయ కూడా కొన్ని రోజుల్లో ముట్టరు. ఆస్తమా ఉంది కాబట్టి ఆమెకి ఈ టీకా అవసరం. "అది కోడిగుడ్డుతో చేస్తారట కదా?" అని నన్ను మెల్లగా అడిగారు. అవును, మన దగ్గర దొరికేవాటిలో ఎక్కువ భాగం వైరస్‌ని కోడిగుడ్లలో పెంచి, చంపి, శుద్ధి చేసి తయారుచేసినవే. గుడ్డు ప్రోటీను అతి సూక్ష్మంగా మిగిలి ఉండొచ్చు. అబద్ధం చెప్పి ఒప్పించడం నాకు ఇష్టం లేదు, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఒక రోజంతా ఆలోచించి "మందుకి దోషం లేదంటారు కదా" అని వేయించుకున్నారు. ఒప్పుకోకపోయినా నేను బలవంతం చేసేదాన్ని కాదు.

వీధి డాక్టరు గారి దుమ్ము వాదనని మాత్రం అంత తేలిగ్గా వదలకూడదు. దుమ్ములో పెరిగినంత మాత్రాన ఫ్లూ రాకుండా పోదు గానీ, ఒకసారి నిజంగా ఫ్లూ వచ్చి తగ్గితే వచ్చే రక్షణ టీకా రక్షణ కన్నా విస్తారంగా ఉంటుందని శాస్త్రవేత్తలూ అంటారు. ఏటేటా వేయించుకునేవాళ్ళలో కొన్ని సీజన్లలో, ముఖ్యంగా హెచ్3ఎన్2 విషయంలో, టీకా పనితనం తగ్గినట్టు అమెరికాలో, కెనడాలో కొన్ని అధ్యయనాలు చూపించాయి కూడా. ఇది నన్ను బాగా ఇబ్బంది పెట్టిన విషయం. మరోపక్క, మన హర్యానాలో బల్లభ్‌గఢ్ దగ్గరి పల్లెల్లో పిల్లలకి వరసగా మూడేళ్ళు టీకా వేసి చూస్తే మొదటి ఏడాది పావు వంతు, రెండో ఏడాది 41 శాతం, మూడో ఏడాది ముప్పావు వంతు ఫ్లూ తగ్గింది. అక్కడ ఏటేటా వేయడం వల్ల నష్టమేం కనబడలేదు. పిల్లలు వేరు, పెద్దలు వేరు అనొచ్చు. నేను కూడా అదే అంటాను, అందుకే నాకు నేను వేయించుకోవాలన్న విషయంలో తొందర లేదు. సహజంగా వచ్చే రక్షణ కోసం డెబ్బై దాటిన స్టెంటు మనిషికి ముందు జ్వరం రానివ్వమనడం మాత్రం ఏ డాక్టరు చెప్పినా ఒప్పుకోను.

ఇబ్బందుల విషయానికొస్తే, నాయనకి రెండు రోజులు చెయ్యి నొప్పి, అంతే. చచ్చిన వైరస్ కాబట్టి సూది వల్ల ఫ్లూ రాదు. గిలియన్ బారీ అనే నరాల జబ్బు సంగతి చదివి భయపడేవాళ్ళుంటారు. 1976లో అమెరికాలో స్వైన్ ఫ్లూ టీకాతో అది లక్షకి ఒకరికి చొప్పున అదనంగా వచ్చింది, దాంతో ఆ కార్యక్రమమే ఆపేశారు. ఇప్పటి టీకాలతో ఆ ముప్పు ఉంటే పది లక్షలకి ఒకరిద్దరికి. ఇదివరకు ఆ జబ్బు వచ్చినవాళ్ళు, టీకాకి తీవ్రంగా అలర్జీ వచ్చినవాళ్ళు డాక్టరుని అడగకుండా వేయించుకోకూడదు.

మరి నాకు?

నాకు వేయించుకోవడానికి ఉన్న కారణాలు ఇవి: నేను బడిలో టీచర్ని, రోజూ నా ముఖం మీద తుమ్మే పిల్లలు తక్కువేం లేరు, సాయంత్రం ఇంటికొచ్చి నాయనకి మాత్రలు ఇచ్చేది నేనే. నా ద్వారా ఆయనకి రాకూడదు కదా అన్నది బలమైన వాదనలాగే వినిపిస్తుంది. పెద్దవాళ్ళకి టీకా వేస్తే ఇంట్లో మిగతావాళ్ళకి ఎంత రక్షణ అన్నదానికి రుజువులు వెతికితే మాత్రం నాకు అంత గట్టిగా ఏం దొరకలేదు. 71 మందిలో ఒకరికి నేరుగా లాభం, దాని మీద ఇంకొంచెం ఇంట్లోవాళ్ళకి. ఆ కొంచెం కోసం పదిహేడు వందలు పెట్టగలిగిన ఏడాది పెడతాను, పాప ఫీజు కట్టాల్సిన ఏడాది మానేస్తాను. మానేసిన ఏడాది నాకు జ్వరం వస్తే మాస్కు పెట్టుకుని వేరే గదిలో పడుకుంటాను, దానికి ఖర్చు లేదు. మా వదిన గర్భంతో ఉన్నప్పుడు మాత్రం ఇన్ని లెక్కలు వేయలేదు. గర్భిణులకి ఫ్లూ ముదిరితే ప్రమాదం, పైగా తల్లికి వేస్తే పుట్టిన బిడ్డకి మొదటి నెలల్లో రక్షణ అందుతుంది, ఆరు నెలలు నిండేదాకా ఆ బిడ్డకి వేయడానికి వేరే టీకా లేదు. ఆమె డాక్టరునే అడిగి వేయించేశాం.

తేలనిది అమ్మ విషయం. అరవై ఆరు దాటింది, బీపీ లేదు, సుగర్ లేదు, ఇంకా వడియాలు తనే పెడుతుంది. 65 దాటినవాళ్ళలో టీకా లేకపోతే నూటికి 6 మందికి ఫ్లూ వస్తుందని, ఉంటే 2.4 మందికని అదే కోక్రేన్ వాళ్ళు చెప్పారు, ముప్పై మందికి వేస్తే ఒకరికి తప్పుతుంది. నాకన్నా ఆమెకి రెట్టింపుకి పైగా లాభం, నాయనకున్నంత తొందర లేదు. "మీ నాయనకి వెయ్యండి చాలు, నాకెందుకు మే ఈ వయసులో సూదులు" అంటుంది. వయసు వల్లే సూది అంటే వినదు. ఈసారి డబ్బులు తమ్ముణ్ణి పంపమన్నాను. వాడు పంపిన డబ్బుతో అయితే వేయించుకుంటుందేమో, నా జీతంతో అయితే ఒప్పుకోదు.